అన్న పెంచిన టర్కీకోడి

టర్కీకోడికి కోపం ఎక్కువ. హార్బరులో ఓడ కూత వేస్తే చాలు, తననే ఎవరో తిట్టినట్టు మెడ ముందుకు చాచి, ఈకలన్నీ విప్పుకుని, గడగడా తిరిగి అరిచేది. మా పేట పోర్టుకి ఆనుకునే ఉంటుంది కాబట్టి ఓడల కూతలకి కొదవ లేదు. పక్కింటావిడ గోడ మీంచి "మీ దొరగోరు మళ్ళా మొదలెట్టీనాడు" అని సణిగేది. ఆ కోడిని మా అన్న పెంచాడు. అన్న లేకుండా పోయాక కూడా అది మా ఇంట్లో రెండేళ్ళకు పైగా బతికింది. దాన్ని కోయాలా వద్దా అన్నదే అన్నాళ్ళూ మా ఇంట్లో గొడవ. బయటివాళ్ళకి ఇది నవ్వులాటగా ఉండొచ్చు. మాకు కాదు.

మేం సముద్రం మీద బతికేవాళ్ళం. నాన్న నా చిన్నప్పుడే కామెర్లతో పోయాడు. అమ్మ హార్బరులో చేపలు కొని, గంప నెత్తిన పెట్టుకుని వీధులన్నీ తిరిగి అమ్మి, అన్ననీ నన్నూ పెంచింది. అన్న మీసాలు రాకముందే బోటెక్కాడు. తొంభైల మధ్యలో ఎవరి ద్వారానో ఒక సరుకుల ఓడలో, వంటింట్లో పని దొరికి కొన్నాళ్ళు దేశాలు తిరిగొచ్చాడు. వంట నేర్పారని తను చెప్పేవాడు. అంట్లు తోమించుకున్నారని నేను అనేదాన్ని. నాకు నోరెక్కువ, ఇప్పటికీ తగ్గలేదు.

ఆ ఓడలో క్రిస్టమస్ పండక్కి పెద్ద వంటవాడు ఒక ఇనప పీపాలో నిప్పులు పోసి, టర్కీకోడిని ముక్కలు కొట్టకుండా మొత్తంగా పైన వేలాడదీసి, పొద్దుటినుంచి సాయంత్రం దాకా పొగలోనే వండాడట. అది తిన్న దగ్గర్నుంచి అన్న బుర్రలో అదే తిరిగేది.

"మంటే తగలదే అమ్మా. ఒట్టి పొగకి ఉడికిపోతాది. నోట్లో ఎడితే ఎన్నలాగుంటాది."

"పొగకి కోడేటి ఉడుకుతాదిరా, నీ మొకం" అనేది అమ్మ. "పొగకి మన కళ్ళే మండుతాయి."

ఊరొచ్చేశాక అన్నకి పెళ్ళి చేశాం. వదినది యారాడ, కొండకి అవతలి ఒడ్డు. తను నాకన్నా ఏడాదే పెద్ద. పెళ్ళయిన ఏడు జనవరి ఫస్టుకి అన్న సబ్బవరం వైపు ఎవరో పెంచుతున్నారని తెలుసుకుని, ఒక టర్కీకోడిని సైకిలు హ్యాండిలుకి వేలాడదీసుకుని తెచ్చాడు. పాతసామాన్ల దుకాణంలో ఒక ఖాళీ ఆయిల్ డ్రమ్ము కొని, లోపలి నూనె వాసన పోయేదాకా కాల్చి కాల్చి, తలుపులాంటిది కోయించి, ఇనప ఊచలు పెట్టించాడు. వలలు ఆరేసుకునే జాగాలో దాన్ని నిలబెట్టాడు. పేటలో సగంమంది పని మానుకుని వచ్చి చూశారు.

కోడిని ముందు రోజు ఉప్పునీళ్ళలో నానబెట్టాలట. ఉప్పునీళ్ళంటే మావాళ్ళకి వేరే కలపడం ఏమిటి? బోటు మీద అన్నం వండేటప్పుడు మంచినీళ్ళు పొదుపని కాస్త సముద్రం నీళ్ళు పోసేస్తారు, ఇక ఉప్పు వెయ్యక్కర్లేదు. మా ఒడ్డున నీళ్ళ మీద ఎప్పుడూ ఓడల నూనె తేలుతూ ఉంటుంది కాబట్టి, అన్న బస్సెక్కి యారాడ వెళ్ళి, అలలు దాటి లోపలికి ఈది, ప్లాస్టిక్ డబ్బాలతో నీళ్ళు పట్టుకొచ్చాడు. "అత్తోరింటి సారె" అని వదిన్ని ఏడిపించాడు. ఆమె మూతి తిప్పుకుని నవ్వింది.

మర్నాడు పొద్దున్నే మొదలుపెట్టాడు. బొగ్గుల మీద నానబెట్టిన మామిడి చెక్కలు వేస్తూ, మూత మీద తడి గోనె కప్పుతూ, డ్రమ్ము పక్కనే పీట వేసుకుని కూర్చున్నాడు. వదిన పక్కన కూర్చుని చెక్కలు అందించింది. సాయంత్రానికి తీసేసరికి కోడి చర్మం చింతగింజ రంగుకి తిరిగింది. కాలు పట్టుకుని ఊపి చూపించాడు. "సూడు, కీలు ఊగిపోతన్నాది. ఉడికినట్టు లెక్క." దాన్ని పెద్ద పళ్ళెంలో పెట్టి, ఒళ్ళంతా మసి అని స్నానానికి వెళ్ళాడు.

అమ్మ కత్తిపీట దగ్గర పెట్టుకుని ఒక ముక్క కోసింది. లోపల మాంసం లేత ఎరుపుగా ఉంది. అయ్యో, పచ్చిగా ఉండిపోయిందే, పొద్దుటినుంచి కష్టపడ్డాడు, చూస్తే మనసు పాడైపోతుంది అనుకుంది మా తల్లి. గబగబా మొత్తం ముక్కలు కొట్టేసి, చింతపండు పిసికి, కారం పోసి, చేపల పులుసు పెట్టే పెద్ద దాకలో పొయ్యి మీద ఎక్కించేసింది. అన్న తల తుడుచుకుంటూ వచ్చేసరికి టర్కీకోడి పులుసులో కుతకుతా ఉడుకుతోంది.

"ఓలమ్మో! ఏటి సేసినావే?"

"పచ్చిగా ఉందిరా నాయినా. ఎర్రగా ఉంది సూడు."

"పొగబెడితే ఆ రంగే ఉంటాదే! ఉడికిపోనాదే అమ్మా! పొద్దుట్నుంచి నానిక్కడ కూకున్నది దీనికేటి?"

"నీకేటి తెల్సు? నాను నీకన్నా ముందు పుట్నాను."

అన్నకి కోపం వచ్చింది. దాక వైపు చూశాడు, అమ్మ వైపు చూశాడు. అమ్మ చేతులకి చింతపండు, మొహంలో భయం. అంతే, నేల మీద చతికిలబడి నవ్వడం మొదలుపెట్టాడు. మేమూ నవ్వాం. ఆ రోజు పేటంతా మా ఇంట్లో పొగవాసన వేసే పులుసు పోసుకుని అన్నం తిన్నారు. నిజం చెప్పొద్దూ, బాగానే ఉంది. కానీ అన్న మాత్రం అమ్మ చేత మాట తీసుకున్నాడు. "ఒచ్చే ఏడు ఇంకోటి పెడతాను. అప్పుడు నువ్వు నా ఎదర కూకుని, ఎర్రగా ఉన్నదే తినాల. పులుసెట్టకూడదు. ఒట్టెయ్యి." అమ్మ "సర్లేరా, తింటాన్లే, ఏడవకు" అని వాడి నెత్తి మీద చెయ్యి వేసింది.

ఆ మాట కోసమే రెండో కోడి వచ్చింది. ఈసారి పెద్దదాన్ని కొనకుండా పిల్లని తెచ్చి పెంచాడు. దానికి చేపముక్కలు పెట్టొద్దని మా అందరికీ గట్టిగా చెప్పాడు. పెడితే మాంసం నీచువాసన వేస్తుందట. చేపలమ్మేవాళ్ళ ఇంట్లో చేప తినకుండా పెరిగిన ప్రాణి అదొక్కటే. నూకలు, తవుడు, ఆకుకూర తొడిమలు తిని పుంజై, ఓడలతో పోట్లాడటం మొదలుపెట్టింది.

ఆ ఏడు చలికాలం ముందు తుఫానులో అన్న ఎక్కిన బోటు తిరిగిరాలేదు.

ఎక్కువ చెప్పలేను. కొన్నాళ్ళకి బోటు చెక్కలు దొరికాయి. దాని మీదున్నవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు ఒడ్డుకి కొట్టుకొచ్చారు. ఏ రూపంలో వచ్చారో వాళ్ళ ఇంటివాళ్ళకి తెలుసు. మా అన్న ఒక్కడే రాలేదు. రాలేదు కాబట్టి చనిపోలేదంది అమ్మ. "బంగళాదేశం వోళ్ళు పట్టుకుపోయి జైల్లో ఎట్టుంటారు. ఎంతమందిని అలగ పట్టుకుపోలేదు?" అంది. అలా పోయి, ఏడాది తర్వాత గడ్డాలు పెంచుకుని దిగినవాళ్ళు మా వైపు ఉన్నారు. అందుకే మొదట్లో ఎవరూ ఆమెకి ఎదురు చెప్పలేదు. నేనూ నమ్మాను. ఒడ్డున ఎవరు దిగినా పరుగెత్తేదాన్ని.

జనవరి ఫస్టు వచ్చింది. మేనమామ వరసాయన ఒకడు వచ్చి, కోడి బాగా బలిసింది, కోద్దామా అన్నాడు. అమ్మ అతన్ని ఇంట్లోంచి తరిమినంత పని చేసింది. "ఆడొచ్చి పొగెడతాడు. అంతదాకా దాని మీద ఎవరైనా సెయ్యేస్తే మరియాద దక్కదు." ఆ రోజునుంచి కోడికి మేత తనే వేసేది. చేపలపొట్టు దగ్గరికి కూడా పోనిచ్చేది కాదు. అన్న రేపొచ్చినా, దాని మాంసం వాడు చెప్పినట్టు ఉండాలి కదా. అది ఓడ కూతకి అరిచినప్పుడల్లా "ఆణ్ణి పిలుస్తన్నాది" అనేది. మరోపక్క, సముద్రం మొహం చూడటం మానేసింది. హార్బరుకి వెళ్ళేది, చేపలు బేరమాడేది, నీళ్ళకి వీపు పెట్టి నిలబడేది.

అమ్మ సంగతి అలా ఉంటే, వదిన సంగతి ఎవరికీ పట్టలేదు. పాతికేళ్ళు కూడా లేవు ఆమెకి. మాలో మారుమనువు తప్పు కాదు. మొగుడు పోయిన చిన్నపిల్లని పుట్టింటివాళ్ళు తీసుకెళ్ళి మళ్ళీ ఇస్తారు. కానీ మొగుడు పోయాడని అత్తింటివాళ్ళు ఒప్పుకుని, జరగవలసినవి జరిపించాలి. రెండో ఏడు యారాడ నుంచి వదిన నాన్న వచ్చాడు. పోర్టులో కలాసీ పని చేసే ఒకతను అడుగుతున్నాడని, మంచివాడని, తల వంచుకుని చెప్పాడు.

"నా కొడుకు బతికుండగా దానికి ఇంకో మనువేటన్నా?" అని అమ్మ పేటంతా వినపడేలా అరిచింది. "రేపు ఆడొచ్చి నా పెళ్ళామేదే అంటే ఏటి సెప్పమంటావు?"

ఆయన మంచినీళ్ళయినా తాగకుండా వెళ్ళిపోయాడు. వదిన లోపల బియ్యం చెరుగుతూనే ఉంది. నాకు ఒళ్ళు మండి, "నువ్వేమీ మాట్లాడవేంటి వదినా? నీ బతుకు కదా!" అన్నాను.

"ఏటి మాటాడమంటావు పిల్లా? నాను పెళ్ళాన్నా, ముండమోసిందాన్నా? బొట్టెట్టుకుంటే ఊరోళ్ళు ఓ రకంగా సూత్తారు. తీసీస్తే అత్త సచ్చిపోతాది. నాకు కూడా ఆడొత్తే బాగున్ననిపిత్తాది. ఒచ్చీదాకా నానేటి సెయ్యాలో మాత్రం ఎవరూ సెప్పరు" అంది. చేట మాత్రం ఆపలేదు.

ఆ తర్వాత కొన్నాళ్ళకి మా వీధిలో ఒక పెళ్ళి. పసుపు దంచడానికి ముత్తయిదువుల్ని పిలిచారు. వదిన కూడా వెళ్ళి రోకలి అందుకుంది. ఒక ముసలామె ఆ రోకలి ఆమె చేతిలోంచి మెల్లగా తీసేసుకుని, "నువ్వు పక్కకుండవే అమ్మా, ఏటో తేలనిదానివి" అంది. దూరంగా కూర్చున్న అమ్మ చూసింది. ఇక ఊరుకుంటుందా?

"నా కోడలు పుణ్యస్త్రీయే! రోకలి దానికియ్యి!"

"మరైతే దాని మొగుడేడే?" అంది ముసలామె. తిట్టినట్టు కాదు, నిజంగానే అడిగినట్టు.

అమ్మ వదిన చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకొచ్చేసింది. ఆ సాయంత్రం కోడి ఎదురుగా పీట వేసుకుని, నూకలు వేస్తూ చాలాసేపు కూర్చుంది. అది తిని, ఆమె చీర చెంగు పొడుస్తూ చుట్టూ తిరిగింది.

పెద్దపండగ, అంటే సంక్రాంతి, దగ్గర పడింది. మా వైపు ఆ పండగ పోయినవాళ్ళది. వాళ్ళకి కొత్తబట్టలు పెట్టి, బతికుండగా వాళ్ళు ఇష్టపడ్డవి వండి ఆకులో వడ్డిస్తాం. కాసేపు తలుపు దగ్గరగా వేసి బయట కూర్చుంటాం, వాళ్ళొచ్చి తింటారని. ఆ తర్వాతే ఇంట్లోవాళ్ళు తినాలి. మా ఇంట్లో ఎప్పుడూ నాన్నకే ఒక లుంగీ, తువ్వాలు పెట్టేవాళ్ళం. అన్న పోయాక వచ్చిన రెండు పండగలకీ అంతే. బజారుకి వెళుతుంటే అమ్మ నన్ను ఆపింది.

"ఒలే, ఈపాలి రెండు జతలు తే."

"నాన్నకి రెండెందుకే?"

"మీ నాన్నకొకటి. మీ అన్నకొకటి."

సంచి చేతిలో పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయాను. రెండేళ్ళుగా ఆమె మొండితనాన్ని ఎంత తిట్టుకున్నానో, ఆ మాట విన్నాక ఆమె ఇంకా అలాగే మొండిగా ఉండిపోతే అంత బాగుండుననిపించింది. అమ్మే అనేసింది కాబట్టి ఇక అన్న రాడు.

"ఆడికి ఇష్టమైంది ఏటుంది, ఆ కోడే కదా. ఆడెలా సేసినాడో అలగే సెయ్యాల. యారాడ ఎల్దాం పద, నీళ్ళు తేవాల" అంది.

బస్సులో కొండ మీది ఘాటీ రోడ్డు ఎక్కుతుంటే ఒకపక్క కింద సముద్రం కనిపిస్తుంది. అమ్మ కళ్ళు మూసుకుని కూర్చుంది. యారాడ ఒడ్డున దిగాక డబ్బా నాకివ్వలేదు. చీర మోకాళ్ళదాకా ఎగదోపుకుని తనే నీళ్ళలోకి దిగింది. అన్న పోయాక ఆమె సముద్రానికి ఎదురుగా నిలబడటం అదే మొదలు. అల వచ్చి నడుందాకా తడిపేసింది. నాకు భయమేసి వెనకే దిగాను. ఆమె సముద్రాన్ని తిడుతోంది. "నీకు కొబ్బరికాయలు కొట్టినాను, పసుపు కుంకాలెట్టినాను. నా కొడుకుని తినీసి, ఎముకైనా ఇయ్యకపోతివి కదే దొంగముండా! నీళ్ళైనా ఇయ్యి" అంటూ డబ్బా ముంచింది. కంట్లో మాత్రం నీళ్ళు లేవు.

తడిబట్టలతోనే వదిన వాళ్ళింటికి వెళ్ళాం. వదిన నాన్న వల బాగుచేసుకుంటూ మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు. అమ్మ అరుగు మీద కూర్చోలేదు.

"అన్నా, ఆ పోర్టు కుర్రోడు ఇంకా అడుగుతన్నాడేటి?"

ఆయన అవునన్నట్టు తలూపాడు.

"పండక్కి నా కొడుక్కి ఎట్టుకుంటన్నాను. నువ్వొచ్చి ఆ కోడిని కొయ్యాల, నా సేతుల్తో నాను కొయ్యలేను. తరవాత నీ పిల్లని తీసుకెల్లిపో."

"సెల్లెమ్మా..." అని ఆయన భుజం మీది తువ్వాలుతో మొహం కప్పుకున్నాడు.

వదినకి ఇంటికొచ్చాక చెప్పింది. ఆమె గోల పెట్టింది. "నాను పోతానన్నానా అత్తా? నిన్నేటైనా అడిగినానా?"

"నువ్వడగలేదే. నానే పొమ్మంటన్నాను."

కోడిని పట్టుకోవడానికి ఎవరూ శ్రమపడలేదు. అమ్మ పిలిస్తే నూకల కోసం దగ్గరికి వచ్చేసింది. రెక్కలు కలిపి ఆమే పట్టుకుంది, వదిన నాన్న కోశాడు. ఆమె మొహం పక్కకి తిప్పుకోలేదు. ఆ రోజంతా యారాడ నీళ్ళలో నానబెట్టి, మర్నాడు, అంటే పండగనాడు, చీకటి విడుతూండగానే డ్రమ్ములో బొగ్గులు రాజేశాం. అన్న ఎలా చేశాడో ముగ్గురం తలోముక్కా గుర్తు చేసుకున్నాం. తడి గోనె సంగతి నాకు గుర్తుంది. వదినకి మిగతాదంతా గుర్తుంది. పొగ తెల్లగా ముద్దగా వస్తే కాస్త గాలి ఇవ్వాలని, సన్నగా నీలంగా వస్తుంటే ముట్టుకోకూడదని ఆమెకి అన్న చెప్పాడట. అన్న కూర్చున్న పీట మీదే కూర్చుని చెక్కలు వేసింది. కళ్ళు ధారగా కారుతున్నాయి. పొగే అనుకుందామని నేను మొహం తిప్పుకున్నాను.

ముదిరిన కోడి. ఎప్పటికీ ఉడకదేమో అనిపించింది. పొద్దు వాలుతుండగా వదిన మూత తీసి, కాలు పట్టి ఊపింది. కీలు ఊగింది.

కొత్త లుంగీలకి పసుపు బొట్లు పెట్టి గోడవార పరిచాం. అమ్మ పెట్టెలోంచి అన్న ఫొటో తీసి నాన్న ఫొటో పక్కన పెట్టింది. వదిన ఆ ఫొటో వైపు చూసి, గాజుల చేతులు కొంగు కింద దాచుకుంది. ఆకులో అన్నం, ఒక పెద్ద ముక్క వడ్డించి, సాంబ్రాణి వేసి, తలుపు దగ్గరగా లాగి బయట కూర్చున్నాం. అప్పుడే హార్బరులో ఒక ఓడ పొడుగ్గా కూత వేసింది. ముగ్గురం తలలు పెరటివైపు తిప్పాం. తిప్పాక గుర్తొచ్చింది.

లోపలికెళ్ళి కూర్చున్నాం. అమ్మ కత్తిపీట మీద కోసింది. లోపల లేత ఎరుపు, అచ్చం ఆ రోజు ఉన్నట్టే. పొయ్యి పక్కన గిన్నెలో చింతపండు నానుతోంది. పొద్దున్నే అలవాటుకొద్దీ ఆమే నానేసి ఉంటుంది. వదిన ఆ గిన్నె వైపు చూసి, "పులుసెట్టీనా అత్తా?" అని మెల్లగా అడిగింది.

"ఒద్దు. ఆడికి మాటిచ్చినాను."

ఎర్రగా ఉన్న ఆ ముక్కని అమ్మ నోట్లో పెట్టుకుంది. అన్న ఫొటోకి ఎదురుగా కూర్చుని, పళ్ళు సరిగా లేక, చాలాసేపు నమిలింది. మేమిద్దరం తినకుండా ఆమెనే చూస్తున్నాం.

"ఉడికిందే" అంది చివరికి. "ఆ రోజు ఆడు సెప్తానే ఉన్నాడు, ఉడికిపోనాదే అమ్మా అని. నానే నమ్మలేదు."

అప్పుడు ఏడ్చింది మా అమ్మ. అన్న పోయిన రోజునుంచీ దాచుకున్నదంతా, పళ్ళెం ముందు కూర్చుని, ముద్ద నోట్లో ఉండగానే ఏడ్చింది. వదిన వెళ్ళి ఆమెని పట్టుకుంది. నేను చింతపండు గిన్నె తీసి పెరట్లో పారబోసి వచ్చాను.